గచ్చు మీద తడి చార

మొదటే ఒక మాట చెప్పుకోవాలి. నేను అక్షరాలు దిద్దింది నా పెనిమిటి పోయాక, యాభై దాటాక, సాయంత్రం బడిలో. వత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ తడబడతాను. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి. నా చెయ్యి కూడా నెమ్మది. కొంత రాసేసరికి వేళ్లు పట్టేస్తాయి, ఆపి మళ్లీ మొదలుపెడతాను. కథ నెమ్మదిగా నడిస్తే కోపం తెచ్చుకోకండి.

ఆ పొద్దున మిల్లు గేటు దగ్గర ఆండాలును ఆపేశారు.

మిర్యాలగూడలో నరసయ్య సేటు మిల్లు అది. కాలువ నీళ్లొచ్చిన తర్వాత చుట్టుపక్కల పొలాలన్నీ వరి వేస్తున్నారు. బాయిలర్‌లో ఉడికిన వడ్లను తెల్లవారగానే గచ్చు మీద పోస్తారు. అవి ఇంకా ఆవిరి కక్కుతుండగానే ఆడవాళ్లు వరసగా నిలబడి, పాదాలు ఈడుస్తూ, వడ్లను సాళ్లు సాళ్లుగా దున్నుతారు. అలా దున్నితేనే గింజ సమంగా ఆరుతుంది. ఒకచోట తడి, ఒకచోట పొడి ఉంటే ఆడించేటప్పుడు బియ్యం నూక అయిపోతుంది.

ఆండాలు కొంగు నడుముకు దోపుకుని లోపలికి రాబోతుంటే మేస్త్రి గురవయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"దగ్గు తగ్గినంక రా."

"దుమ్ముకొచ్చిన దగ్గే మేస్త్రీ. అందరికీ ఉన్నదే."

"అందరికీ ఉంటే అందర్నీ పంపుత. తినే గింజ మీద నడుస్తున్నం మనం. మొన్న సేటమ్మ సూసింది. నీ కొంగు ఎర్రగున్నదట."

"అది తమలపాకు."

"సరె. తమలపాకు తగ్గినంకనే రా."

ఒకరిద్దరు నవ్వారు. జమ్లీ నవ్వలేదు. వేములపల్లి దారిలోని తండా నుంచి వచ్చే ఆడవాళ్లలో ఆమే పెద్దది. వరసకు మొదట నిలబడేది, పాట చెప్పేది ఆమే. ఆండాలు కర్ర అవతల కాసేపు నిలబడింది. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి నడిచింది. చెప్పులు కాళ్లకు వేసుకోవడం కూడా మర్చిపోయింది. మేస్త్రిలంతా టీ తాగే హోటలు ఒకటే. మధ్యాహ్నానికి ఊళ్లో ఏ మిల్లూ ఆమెను తీసుకోదని అందరికీ తెలుసు.

జమ్లీ తన కొంగు చూసుకుంది. అది ఎర్రగా లేదు. ఆమెకు దగ్గు కూడా రాదు. వచ్చిన కష్టం వేరే. పోయిన నెల నుంచి ఊపిరి సగంలో మూసుకుపోతోంది. సంచి మూతికి ఎవరో తాడు బిగించినట్టు ఉంటోంది.

"పాట ఎత్తు జమ్లీ," అన్నాడు గురవయ్య. "గింజ చల్లారుతున్నది."

ఆడవాళ్లు గోదాము గోడకు వీపులానించి వరసగా నిలబడ్డారు. ఆ గోడ నుంచి ఎదుటి ప్రహరీ దాకా ఒక చరణం. ప్రతి ఏడాదీ అంతే. చరణం ముగిసే చోటికి గోడ వస్తుంది. అక్కడ ఆగి, వేళ్ల సందుల్లోని గింజలు దులుపుకుంటూ, అందరూ కలిసి వంత అందుకుంటారు. వంత అయ్యేలోపు వెనక్కి తిరుగుతారు. పాట నడిస్తే కాళ్లు నడుస్తాయి, పాట ఆగితే ఆగుతాయి. ఎవరూ నేర్పలేదు, కాళ్లకు అలవాటైపోయింది.

జమ్లీ ఎత్తుకుంది.

"నీళ్లొచ్చిన కాలువమ్మ నిన్ను గని..."

అక్కడ తాడు బిగిసింది. గచ్చులో సగానికి కాస్త ఎక్కువే దాటారు. ఇంకా "నాకిచ్చి యాడికి పాయెనే" మిగిలి ఉంది, గోడ దూరంగా ఉంది. జమ్లీ నోరు మూసుకుంది. ఆడవాళ్లు ఒక్క క్షణం తికమకపడి వంత అందుకున్నారు.

"ఆరవే గింజా ఆరవే."

కాళ్లు ఆగిపోయాయి. అంతదాకా పాదాలు తోసుకొచ్చిన వడ్లు అక్కడే చిన్న గట్టులా పడ్డాయి. జమ్లీ గాలి పీల్చుకుని మిగిలిన సగం పాడింది. వరస గోడ దాకా వెళ్లింది. గోదాము గోడ నుంచి మళ్లీ ఎత్తుకున్న ప్రతిసారీ అదే మాట దగ్గర, అదే చోట ఆగింది. ఎండెక్కేసరికి గచ్చంతా లేత పసుపు రంగుకు తిరిగింది. ఆ గట్టు ఉన్నచోట మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లగా ఒక తడి చార మిగిలింది.

జమ్లీ దాన్ని చూసింది. తన రొమ్ములో ఉన్నది బయటపడి గచ్చు మీద పడుకున్నట్టు అనిపించింది.

మంచినీళ్ల వేళకు సేటు కొడుకు బద్రీనాథ్ అరుగు దిగి వచ్చాడు. హైదరాబాదులో చదువుతాడు, సెలవులకు వచ్చాడు. కవిత్వం రాస్తాడని, అందుకు తండ్రి తిడతాడని మిల్లులో అందరికీ తెలుసు.

"జమ్లక్కా, ఒకటడుగుత. గాడ ఎందుకు ఆపినవ్?"

కుండ దగ్గర జమ్లీ చెయ్యి ఆగింది. గురవయ్య పక్కనే ఉన్నాడు, బీడీ వెలిగించుకుంటున్నాడు.

"యాడ?"

"నిన్ను గని, అని ఆపినవ్. పోయినేడు గోడ దాక ఒక్క తీరుగ పాడినవ్. నాకు మంచిగ గుర్తున్నది."

"పోయినేడు నీకు మీసమే లేదు. పాటలేం గుర్తుంటయి?" అంది రుక్మాబాయి. ఆమెది కూడా ఆ తండానే. వరసలో జమ్లీ పక్కన నిలబడేది, ఎవరినైనా ఒక మాట అనేది ఆమే.

ఆడవాళ్లు నవ్వారు. బద్రీనాథ్ కూడా నవ్వాడు కానీ కదల్లేదు.

"కాదు వదినా, నిజంగనే అడుగుతున్న. పద్యం అయితే గణాలుంటయి, యతి ఉంటది, అవే చెప్తయి ఎక్కడ ఆగాలెనో. మేం రాసేదానికి ఏం లేవు. పంక్తి యాడ విరవాలె అంటే ఒకాయన అర్థం ఆగినకాడ అంటడు, ఇంకొకాయన కన్ను ఆగినకాడ అంటడు. అమాసనాడు సూర్యాపేటల కవిసమ్మేళనం ఉన్నది. నా కవిత ఇంక అట్లనే ఉన్నది. నువ్వు 'నిన్ను గని' అని ఆపితే నాకు గుండె ఝల్లుమన్నది. కన్నది, మరి ఏమైంది? తల్లి బతికిందా, పోయిందా? ఆ ఆపుట్లనే ఉన్నది అంత. సోచాయించి, కావాలనే ఆపినవా, ఊకనే ఆపినవా?"

జమ్లీకి అతని మాటలు సగమే చెవిన పడుతున్నాయి. గురవయ్య బీడీ పీల్చకుండా వింటున్నాడు.

"ఊకనే చిన్నసేటు," అంది.

"ఊకనే ఆపినా, గాడ కుప్పయితే పడ్డది," అన్నాడు గురవయ్య. "పాట ఎట్లన్న పాడుకోండ్రి. గింజ మాత్రం సమంగ ఆరాలె."

మర్నాడు చీకట్లు విడుతుండగా తండా ఆడవాళ్లు కాలువ గట్టు మీద మిల్లుకు నడుస్తున్నారు. జమ్లీ కావాలనే వెనకబడింది. తుమ్మచెట్టు దగ్గర ఊపిరి నింపుకుని, గొంతులోనే చరణం మొదలుపెట్టి నడిచింది. తూము దాకా పోగలిగితే గచ్చు మీద గోడ దాకా పోయినట్టే. తూము కనిపిస్తూనే ఉంది. "కాలువమ్మ" దగ్గరే రొమ్ము మూసుకుపోయింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగింది.

తలెత్తేసరికి రుక్మాబాయి ఎదురుగా ఉంది.

"దమ్ము వస్తలేదా అక్కా?"

"వస్తున్నది."

"ఆండాలు కూడ గట్లనే అన్నది."

జమ్లీ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎవరికన్న చెప్పినవా?"

"నాకు ఇప్పుడేగద తెలిసింది. నడుమ నుంచి నేనందుకుంట తియ్యి."

"వద్దు. ఎప్పుడన్న అట్ల అందుకున్నమా? గొంతు మారితే మేస్త్రికి తెలుస్తది. ఎందుకు మార్చిన్రు అంటడు. ఒక్కసారి ఎందుకు అన్నడంటే ఖతం."

"మరి దవాఖానకు పోదాం."

"దవాఖానల పేరు పెడతరు రుక్మా. పేరు పెట్టంగనే ఊరంత తెలుస్తది. అమాస దాక నడువనీ. అమాసనాడు మిల్లు బందుంటది. ఒక్క దినం పండుకుంటే తగ్గుతది."

ఆ రోజు పాట "కాలువమ్మ" దగ్గర ఆగింది. తడి చార గచ్చు నడుమకు వచ్చింది. రుక్మాబాయి చీపురు తీసుకుని, ఎవరూ చూడనప్పుడు గట్టును చదును చేసింది. గట్టు పోయింది కానీ నలుపు పోలేదు.

అరుగు మీద నుంచి బద్రీనాథ్ కేకేశాడు. "అక్కా, ఇయ్యాల ఆపింది బాగలేదు. నిన్నటిదే మంచిగుండె."

"నీ సోకుకు రోజొక తీరు ఆపుతదా మా అక్క?" అంది రుక్మాబాయి.

మళ్లీ నవ్వులు. జమ్లీకి కాళ్లకింద ఉడుకు వడ్లున్నా చలేసింది. ఇన్నేళ్లలో ఆ గచ్చు మీద ఆమె పాటను ఎవరూ ఇంత శ్రద్ధగా వినలేదు. వినకపోవడమే ఆమెకు నీడగా ఉండేది. ఇప్పుడొకడు మాట మాటా వింటున్నాడు, పోయినేడుది గుర్తుపెట్టుకుంటున్నాడు, నిన్నటితో పోల్చుకుంటున్నాడు. కవిత్వమో ఏమో, అతను వెతికేది ఏదైనా, దొరికేది మాత్రం తన రొమ్ములోని తాడే.

ఆ మర్నాడు చరణం "నీళ్లొచ్చిన" దగ్గరే తెగింది. ఆడవాళ్లు అప్పుడే గోదాము గోడ వదిలారు. చార గోడకు దగ్గరగా జరిగింది. బద్రీనాథ్ అరుగు మీద లేచి నిలబడ్డాడు. కేకెయ్యలేదు. మంచినీళ్ల వేళకు దిగి రాలేదు. దూరం నుంచి చారను చూశాడు, తర్వాత జమ్లీ వైపు చూశాడు.

అతను అడిగినప్పటికంటే అడగనప్పుడే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

అమావాస్య ముందు రోజు నరసయ్య సేటే గచ్చు మీదికి వచ్చాడు. ధోవతి పైకి చెక్కుకుని, చెప్పులు విడిచి, వడ్ల మీద నడిచాడు. వంగి ఒక గింజ తీసి పంటి కింద పెట్టాడు. కటుక్కుమంది. తల ఊపాడు. ఇంకొంచెం నడిచి, చార మీద నుంచి ఒక గింజ తీసి కొరికాడు. చప్పుడు రాలేదు. దాన్ని అరచేతిలోకి ఉమ్మి చూసుకున్నాడు.

"గురవయ్యా, ఈ చార ఏంది?"

గురవయ్య తలపాగా సర్దుకున్నాడు. "గాడ పాట ఆగుతున్నది సేటు. పాట ఆగితే కాళ్లు ఆగుతున్నయి."

"పాట ఎందుకు ఆగుతది? పోయినేడు చార లేదు గద." సేటు వరస వైపు తిరిగాడు. "ఎవరే పాడేది?"

జమ్లీ కొంగు నిండుగా కప్పుకుని ఒక అడుగు ముందుకు వేసింది.

"నువ్వేనా జమ్లీ. పాడు, వింట. గోడ దాక పాడు. నేను పక్కపొంటి నడుస్త."

ఆడవాళ్లు గోదాము గోడకు ఆనుకున్నారు. జమ్లీకి గేటు దగ్గర అడ్డంగా పెట్టిన కర్ర, చేతిలో చెప్పులతో రోడ్డు మీద నడిచిపోయిన మనిషి కళ్ల ముందు మెదిలాయి. ఎదుటి ప్రహరీ మీద ఒక గోరింక వాలి ఉంది. ఆ ప్రహరీ అంత దూరంలో ఎప్పుడూ లేదు.

"ఊఁ," అన్నాడు సేటు.

"నీళ్లొచ్చిన..."

పాదాలు కదిలాయి. ఆమె పక్కనే సేటు కాళ్లు కదిలాయి. అక్కడే తాడు బిగుస్తోంది. బిగిసే తాడును మెడతో తోసినట్టు ఇంకొక మాట తోసింది.

"కాలువమ్మ..."

ఇక లేదు. నోరు తెరిచే ఉంది, గాలి లేదు. కళ్ల ముందు గచ్చు తెల్లబడింది. కాలు ఆగబోయింది.

"నిన్ను గని..."

పక్క నుంచి వచ్చింది ఆ మాట. సూది దూరే సందు కూడా లేకుండా, జమ్లీ వదిలిన శ్రుతిలోనే రుక్మాబాయి అందుకుంది. అది అయ్యీ అవకముందే అవతల నిలబడ్డ మరో కూలి లింగమ్మ "నాకిచ్చి" అంది. ఆ పక్కనున్నది "యాడికి" అంది. "పాయెనే" అన్నది ఎవరో జమ్లీకి తెలియలేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆమె నోరు తెరిచి పెదవులు కదుపుతూ నడిచింది. కాళ్లు ఆగలేదు. గోడ వచ్చింది. అందరూ కలిసి వంత ఎత్తుకున్నారు.

"ఆరవే గింజా ఆరవే."

జమ్లీ వేళ్ల సందుల్లోని గింజలు దులుపుకుంటున్నట్టు వంగి, గోడకు తలానించి గాలి తాగింది.

సేటు దారి పొడుగునా కిందికే చూస్తూ నడిచాడు. గింజనూ పాదాలనూ తప్ప మొహాలను చూడటం ఆయనకు అలవాటు లేదు. అరుగు మీద నిలబడ్డ బద్రీనాథ్ మాత్రం మొహాలనే చూశాడు. ఏ నోరు ఎప్పుడు కదిలిందో అంతా చూశాడు.

"ఏమిరా, పాటల పండితుడివి గద," అన్నాడు సేటు కొడుకుతో. "ఆగిందా పాట?"

ఆడవాళ్ల వంత అయిపోయింది. బద్రీనాథ్ తండ్రి వైపు చూశాడు. అతని చేతులు అరుగు స్తంభాన్ని పట్టుకుని ఉన్నాయి.

"ఆగలేదు నాయనా."

"మరి ఈ చార?"

"గచ్చు..." అని గుటక వేశాడు. "గచ్చు గాడ కుంగినట్టున్నది. వాన పడితే కూడ నీళ్లు గాడనే నిలుస్తయి."

సేటు మడమతో అక్కడ నొక్కి చూశాడు. గురవయ్య నోరు తెరిచాడు. జమ్లీ అతని పెదవుల వంకే చూస్తోంది. అతను ఏమనుకున్నాడో, బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

"కుంగితే సిమెంటు వేయించాలె గద, నాకు చెప్పొద్దా?" అని గురవయ్యను కసిరి సేటు చెప్పులు వేసుకున్నాడు.

ఆ రోజంతా పాట చేతులు మారుతూ నడిచింది. కొత్తగా చార పడలేదు. అయినా జమ్లీకి భయం తగ్గలేదు. కాపాడినవాడికి కూడా గుట్టు తెలుసు. తెలిసిన వాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు.

అమావాస్య నాడు సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన రుక్మాబాయి, ఇవతల జమ్లీ కూర్చున్నారు. తెల్ల చొక్కా వేసుకుని, జేబులో మడిచిన కాగితంతో బద్రీనాథ్ ఎక్కాడు. సీటు దొరక్క వాళ్ల పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. జమ్లీ కొంగు ముందుకు లాక్కుంది.

"యాడికి అక్కా?"

"సుట్టాలింటికి."

"దవాఖానకు," అంది రుక్మాబాయి.

మిర్యాలగూడలో అయితే తెలిసిపోతుందని, పొరుగూరి దవాఖానకైతేనే వస్తానని జమ్లీ ఒప్పుకుంది. బస్సు కాలువ వంతెన దాటింది. తప్పించుకోవడానికి దారి లేదని, తప్పించుకోవలసిన పని కూడా ఇక లేదని జమ్లీకి తోచింది. ఇన్ని రోజులు దాచిన మాట ఆమె నోటి నుంచి మామూలుగా వచ్చింది.

"దమ్ము అయిపోయినకాడ ఆపిన చిన్నసేటు. సోచాయించి కాదు."

"తెలిసింది," అన్నాడు. కడ్డీ మీద చెయ్యి మార్చుకుని, "నేను అట్ల కూడ ఆపుతలేను అక్కా. భయమైనకాడ ఆపుతున్న," అన్నాడు.

"నీకేం భయం?"

అతను చుట్టూ చూశాడు. బస్సులో తెలిసిన మొహాలేమైనా ఉన్నాయేమోనని కాబోలు.

"'మా నాయన గింజ కొరికితే' అని రాసిన. గాడ విరిచిన. తర్వాతి మాట నాకు తెలుసు. రాసుడు అయితలేదు. కిందికి దిగి వేరే ముచ్చట రాసిన. అందరు బాగున్నదంటున్నరు, మంచికాడ ఆపినవంటున్నరు."

"గాడ నువ్వు ఆగితే ఇంకొకరు అందుకుంటరా?"

"లేదు. ఒక్కన్నే చదవాలె."

"అయితే కష్టమే," అంది జమ్లీ.

రుక్మాబాయి నవ్వబోయి ఊరుకుంది. అతని మొహం నవ్వే తీరుగా లేదు. జమ్లీ కొంగు కాస్త వెనక్కి జరుపుకుని అతని వంక చూసింది. స్తంభం పట్టుకున్న చేతులు గుర్తొచ్చాయి.

"నిన్న నాయన ముంగట గచ్చు అని ఆపినవ్ గద," అంది. "ఆపి, గుటక మింగి, మల్ల అన్నవ్. గట్లనే అను. ఆపుట్ల తప్పు లేదు. ఆపినంక మల్ల అనాలె."

సూర్యాపేటలో దిగాక అతను ఒక వైపు వెళ్లాడు, వాళ్లు ఇంకో వైపు వెళ్లారు. సభలో అతను ఏం చదివాడో వాళ్లకు తెలియదు. దవాఖాన బల్ల మీద జమ్లీ వంతు వచ్చినప్పుడు డాక్టరు గొట్టం రొమ్ముకు ఆనించి, గట్టిగా ఊపిరి తియ్యమన్నాడు. ఆమె రుక్మాబాయి చెయ్యి పట్టుకుని తీసింది. తాడు బిగిసినచోట ఆగింది. మళ్లీ తీసింది.

ఊక దుమ్ము పట్టిందన్నారు. సూదులు, గోలీలు రాశారు. ముక్కుకు బట్ట కట్టుకోమన్నారు. జమ్లీ మళ్లీ గచ్చు ఎక్కింది, కానీ వరసకు మొదట కాదు, నడుమ. మొదట రుక్మాబాయి నిలబడింది. ముక్కుకు బట్ట జమ్లీ ఒక్కతే కడితే అడుగుతారని అందరూ కట్టుకున్నారు, పాడేటప్పుడు దించుకునేవాళ్లు. గురవయ్య చూసి, దొంగల ముఠాలాగున్నరు అన్నాడు, అంతే. ఆండాలును మాత్రం ఆ మిల్లూ ఇంకో మిల్లూ మళ్లీ పిలవలేదు.

రుక్మాబాయికి అప్పట్లో గోడ దాకా పోయి తిరిగొచ్చేంత ఊపిరి ఉండేది. అయినా "నిన్ను గని" దగ్గర ఆపేది. అక్కడ నడుమ నుంచి జమ్లీ "నాకిచ్చి" అని అందుకునేది. ఆ సందులో కాళ్లు ఆగకుండా నడవడం అందరికీ అలవాటైంది.

జమ్లీ పోయిన తర్వాత కొత్తగా పనికి వచ్చిన బుజ్జి అనే పిల్ల ఒకరోజు అడిగింది, "గొంతు మంచిగనే ఉన్నది గద, గాడ ఎందుకు ఆపుతవ్?" అని.

"గాడ అందుకునేటోళ్లు ఉంటరు," అంది రుక్మాబాయి.

మళ్లీ పాట "నిన్ను గని" దగ్గర ఆగినప్పుడు ఆ పిల్ల అటూ ఇటూ చూసి, ఎవరూ అందుకోకపోయేసరికి తనే "నాకిచ్చి" అని అందుకుంది.

రుక్మాబాయి
వయసు అరవై ఎనిమిది. వేములపల్లి దగ్గరి తండా మనిషిని. ఇప్పుడు కోదాడలో కూతురి దగ్గర ఉంటున్నాను.